కుళాయి మెయిల్లో వచ్చిన పాప

కట్టుకున్నవాడు తప్ప తెలిసినవాళ్లంతా ఆమెను సిస్టరమ్మ అనే పిలిచేవారు. ఆసుపత్రి పురుటి వార్డులో ఆమె చేతుల మీదుగా భూమ్మీద పడ్డ పిల్లలు పెరిగి పెద్దవాళ్లై, తమ పిల్లల్ని కనడానికి మళ్లీ అదే వార్డుకు వచ్చేవారు. "నేను పుట్టినప్పుడు కూడా మీరే ఉన్నారట సిస్టరమ్మా" అని ఎవరైనా అంటే, "అప్పుడూ ఇలాగే గోల చేశావులే" అనేది. నొప్పులు పడుతున్న పిల్ల కూడా ఫక్కున నవ్వేసేది.

నలభై దాటాక చూపు తగ్గడం మొదలైంది. ముందు పక్కలు పోయాయి. తలుపు రెక్కలు, బల్లల అంచులు, పక్కనుంచి వచ్చే మనుషులు ఒక్కొక్కటే మాయమై, లోకమంతా ఒక గొట్టంలోంచి చూస్తున్నట్టు మిగిలింది. తర్వాత ఆ గొట్టమూ సన్నబడింది. ఒకరోజు మందుసీసా మీది పేరు చదవలేక పక్కనున్న నర్సు చేతికిచ్చి చదివించుకుంది. ఆ సాయంత్రమే తనంతట తానే పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్లి, "ఇక నన్ను వార్డులో ఉంచకండి. నా కళ్ల మీద నాకే నమ్మకం పోయింది" అని చెప్పేసింది. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చిందని తర్వాత ఆయాలు చెప్పుకున్నారు. ఆమె మాత్రం ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

డాక్టరమ్మ ఆమెను వదులుకోలేదు. ఆసుపత్రిలో బాలింతల కోసం ఒక సలహా ఫోను ఉండేది. పురుడు పోసుకుని ఇళ్లకు వెళ్లిన తల్లులు పాల గురించో, బొడ్డు గురించో, ఏడుపు గురించో అడిగితే జవాబు చెప్పాలి. ఆ ఫోను గది సిస్టరమ్మకు అప్పగించారు. చూపు పోయినా చెవి పదునెక్కింది. అవతల బిడ్డ ఏడుపు విని, "అది ఆకలి కాదమ్మా, కడుపులో గాలి. భుజం మీద వేసుకుని వీపు తట్టు" అనేది. తల్లి తట్టేది, బిడ్డ త్రేన్చేది. తల్లులు ఆశ్చర్యపోయేవారు. ఆమెకు మాత్రం తన వార్డు తనకు తిరిగి వచ్చినట్టుండేది.

ఫోనుతో పాటు కంప్యూటరూ తప్పలేదు. డ్యూటీ చార్టులు, డాక్టర్ల సూచనలు అన్నీ మెయిల్లోనే వచ్చేవి. చూపులేనివాళ్లకు తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటుందని తెలిసి, ఒక శిక్షణ కేంద్రానికి వెళ్లి నేర్చుకుంది. ఆ గొంతుకు ఆమె పెట్టిన పేరు చిలక. అర్థంతో పని లేకుండా, ముందు పెట్టిందల్లా వల్లించేస్తుంది గనక. అలవాటయ్యాక దాని వేగం ఎంత పెంచిందంటే, పక్కనున్నవాళ్లకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపించేది తప్ప ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆమె మాత్రం తల ఊపుతూ వింటూ, మధ్యలో నవ్వుకుంటూ, టకటకా జవాబులు కొట్టేది.

"మనిషి మాట్లాడితే నాలుగు సార్లు అడుగుతావు. ఈ గరగర ఎలా అర్థమవుతుందే నీకు?" అని ఆమె భర్త ఆశ్చర్యపోయేవాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. మాట తక్కువ, చేతి పని ఎక్కువ.

"చిలక సణగదండీ. అందుకు అర్థమవుతుంది" అనేది.

సిస్టరమ్మకు ఒక చెల్లెలు, ఒక తమ్ముడు. ఇద్దరూ బస్సులో మూడు నాలుగు గంటల దూరంలో ఒకే ఊళ్లో ఉండేవారు. చెల్లెలికి అక్క అంటే ప్రాణం. ఆ ప్రాణమే చూపు పోయిన కొత్తలో తలనొప్పిగా మారింది. రోజూ ఫోను చేసి, "తిన్నావా అక్కా? ఎలా తిన్నావు అక్కా? వేడిది ఒలకబోసుకోలేదు కదా?" అని గొంతు గద్గదం చేసేది. ఒకరోజు అక్కకు విసుగొచ్చింది.

"ఇంక ఫోన్లు చెయ్యకు. నీ ఏడుపు వినలేను. ఏమైనా ఉంటే నువ్వూ తమ్ముడూ మెయిలు రాయండి. నా చిలక అన్నీ చదువుతుంది. అందరిలాగే చదువుకుంటాను, అందరిలాగే జవాబు రాస్తాను" అంది.

ఆ "అన్నీ" అన్న మాటే తర్వాత కొంప ముంచింది.

చెల్లెలు మాట మన్నించింది. ముగ్గురూ మెయిళ్లు రాసుకోవడం మొదలుపెట్టారు. ముగ్గురికీ ఉమ్మడిగా ఒక చిన్న ఫ్లాటు ఉండేది, దాన్ని అద్దెకిచ్చారు. అక్కడ ఏదో ఒకటి పాడవుతూనే ఉండేది. ఆ సంవత్సరం వంతు కుళాయిది. "కుళాయి కారుతోంది" అన్న శీర్షికతో తమ్ముడు ఒక మెయిలు పెట్టాడు. దానికి చెల్లెలు జవాబు, దానికి అక్క జవాబు, మళ్లీ తమ్ముడి జవాబు. ప్రతి జవాబు వెనకా పాత మెయిళ్లన్నీ పెళ్లికూతురి వెనక తోడిపెళ్లికూతుళ్లలా వరుసకట్టి వచ్చేవి. పాత మాటల ప్రతి వరుస మొదట్లోనూ కంప్యూటరు ఒక బాణం గుర్తు తగిలిస్తుంది. కళ్లున్నవాళ్లు ఆ గుర్తును పట్టించుకోరు. చిలక మాత్రం దాన్ని వదలదు. అది లెక్కల్లో 'కంటే ఎక్కువ' అనే గుర్తు గనక, కనిపించిన ప్రతిసారీ ఇంగ్లీషులో "గ్రేటర్" అంటుంది. రెండుంటే "గ్రేటర్ గ్రేటర్." పాతది ఎంత లోతుకు పోతే అన్ని గ్రేటర్లు.

పైగా తమ్ముడిది ఆఫీసు మెయిలు. అతను "సరే" అని రాసినా, దాని కింద హోదా, విభాగం, అంతస్తు, వీధి, ఫోను నంబర్లు, ఆపైన "ఈ మెయిలును అచ్చు వేసే ముందు ఒక్కసారి చెట్ల గురించి ఆలోచించండి" అనే ఉపదేశం వచ్చేవి. "సరే"కు అర క్షణం, చెట్లకు అర నిమిషం. ఒకసారి అక్క మూడు ప్రశ్నలు అడిగితే, "నీ మెయిల్లోనే నీ ప్రశ్నల పక్కన ఎర్రక్షరాల్లో రాశాను చూడు" అన్నాడు. చిలకకు ఎరుపూ తెలియదు, నలుపూ తెలియదు. ఆమె ప్రశ్నలూ అతని జవాబులూ ఒకే గొంతుతో కలగాపులగంగా వినిపించాయి. "వంటగదిదా స్నానాలగదిదా వంటగదిది వాషర్ మార్చారా లేదు మార్చాలా మార్చాలి." రెండుసార్లు విని చేతులెత్తేసింది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. "ఒరేయ్, ఇలా రాస్తే నాకు అర్థం కాదురా" అంటే తమ్ముడు కాదనేవాడా? కానీ అన్నీ చదువుతానని గొప్పగా చెప్పుకున్న నోటితో ఇది చదవలేనని ఎలా చెప్పడం? మళ్లీ "పాపం అక్క" మొదలవుతుంది. గుటుక్కున మింగి ఊరుకుంది.

చెల్లెలి కూతుర్ని ఇంట్లో బుల్లి అనేవారు. సిస్టరమ్మకు సొంత పిల్లలు లేరు, బుల్లి ఉంది. ఆ పిల్ల కడుపుతో ఉందని తెలిసిన రోజే, "పురిటికి సెలవు పెట్టి నేను వస్తాను. బిడ్డను నేను పట్టుకోకపోయినా పక్కన నిలబడతాను" అని మాటిచ్చింది. ఇంకా నెలన్నర గడువుంది కదా అని నిదానంగా ఉంది. ఈలోగా ఒకరోజు "జవాబు: జవాబు: జవాబు: జవాబు: కుళాయి కారుతోంది" అని ఇంకో మెయిలు వచ్చింది. పంపింది చెల్లెలు. చిలక "చిత్రం" అంది. ఆ వెంటనే గ్రేటర్లలో పడి పాత సొదంతా తవ్వడం మొదలుపెట్టింది. కారుతున్న కుళాయికి ఫొటో తీసి పంపింది కాబోలనుకుంది సిస్టరమ్మ. ఫోను గదిలో రెండు లైన్లూ మోగుతున్నాయి. చకచకా రెండు ముక్కలు కొట్టి పంపేసింది.

"ఇంకా దీని గురించేనా? ఇన్ని మాటలెందుకు, పాతది తీసేసి కొత్తది పెట్టించండి."

ఆ తర్వాత చెల్లెలి నుంచి మెయిళ్లు ఆగిపోయాయి. కుళాయి బాగుపడి ఉంటుందనుకుంది.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం సలహా ఫోను మోగింది.

"చెప్పమ్మా, సిస్టర్ని మాట్లాడుతున్నాను."

అవతల నుంచి పసిబిడ్డ ఏడుపు మాత్రం వినిపించింది. సన్నటి, ఓపిక లేని ఏడుపు.

"నెలలు నిండకుండా పుట్టిందా తల్లీ?"

"అవును." ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. "పాలు తాగడం లేదు. రెండు గుక్కలు తాగి నిద్రపోతోంది. ఎంత లేపినా అంతే. నాకు భయంగా ఉంది."

"భయపడు, తప్పులేదు. కానీ నేను అడిగినవాటికి జవాబు చెబుతూ భయపడు. ఒళ్లు వేడిగా ఉందా?"

"లేదు."

"కళ్లు, ఒళ్లు పచ్చబడ్డాయా?"

"లేదు. మొన్ననే డాక్టరు చూశారు."

"పొద్దుట్నుంచి ఎన్ని గుడ్డలు తడిపింది?"

"రెండు... మూడు."

"సరే. సాయంత్రం లోపల డాక్టరుకు చూపించి బరువు తూయించాలి. అది మాత్రం మానకు. ఈలోగా ఒక పని చేద్దాం. బిడ్డకు చుట్టిన దుప్పట్లన్నీ తీసెయ్. నీ ఒంటికి ఆనించుకో, పైన పలచటి గుడ్డ కప్పు. తొందరపడి ముందే వచ్చిన పిల్లలకు పెద్ద నిద్రమ్మా. వెచ్చగా చుడితే ఇంకా మత్తుగా పడుకుంటారు. అరికాళ్లు మెల్లగా రుద్దు. లేచిందా? అప్పటికీ తాగకపోతే పాలు పిండి చెంచాతో కొంచెం కొంచెంగా పెదాల మీద వెయ్యి. తొందరేం లేదు, నేను లైన్లోనే ఉంటాను."

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడైంది. బట్టల అలికిడి, చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. సిస్టరమ్మ రిసీవరు చెవికి గట్టిగా అదుముకుని విన్నది. చాలాసేపటికి ఒక చిన్న గుటక. మళ్లీ ఒకటి. ఆ వెనకే ఇంకోటి.

"తాగుతోంది!" అంటూ అవతలి పిల్ల నవ్వింది.

ఆ నవ్వు ముందొక చిన్న ఎక్కిలితో మొదలవుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

"బుల్లీ?"

అవతల ఏడుపు. "పెద్దమ్మా! నువ్వే ఎత్తుతావని ఇంతకు ముందు రెండు సార్లు చేశాను. వేరేవాళ్లు ఎత్తితే పెట్టేశాను. అమ్మ నీకు చెయ్యొద్దంది. పట్టనివాళ్ల దగ్గరికి పోయి దేబిరించొద్దంది. అందుకే ఇంటికి కాకుండా ఇక్కడికి చేశాను."

"పట్టనివాళ్లా? నువ్వెప్పుడు కన్నావే! ఎవరూ నాతో ఒక్క మాట అనలేదు!"

"మెయిలు పెట్టింది కదా పెద్దమ్మా. నువ్వు జవాబు కూడా ఇచ్చావు." బుల్లి గొంతు తగ్గిపోయింది. "పాతది తీసేసి కొత్తది పెట్టించమని."

సిస్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"చూడు తల్లీ" అంది. "అది పాప గురించి రాసిన మాట కాదు, కుళాయి గురించి. ఎలా జరిగిందో రేపు వచ్చి చెబుతాను. ఇప్పుడు నువ్వు బిడ్డను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. బరువెంతో నాకు చెప్పు. ఇంటికే చెయ్యి. ఎవరొద్దన్నా చెయ్యి."

ఆ సాయంత్రం బుల్లి ఫోను చేసింది. బరువు పెరుగుతోందట, మెల్లగానే అయినా పెరుగుతోందట, పాలు ఇలాగే పట్టమన్నారట. సిస్టరమ్మ ఆ మాట రెండోసారి చెప్పించుకుని విన్నది.

మర్నాడు పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ బస్సెక్కారు. కంప్యూటరు సంచి ఆయన ఒళ్లో ఉంది.

"మీ చెల్లెలు తలుపు తియ్యకపోతే?" అన్నాడాయన.

"ఇరుక్కుపోయిన లిఫ్టు తలుపులు తెరిచే మనిషి పక్కనుండగా నాకేం భయం" అందామె. అన్నదేగాని దారంతా చేతి రుమాలు మెలితిప్పుతూనే ఉంది.

తలుపు తెరుచుకుంది. "రండి బావా" అంది చెల్లెలు. అక్కను పలకరించలేదు. తర్వాత ఆగలేక, "కుళాయి చూసిపోదామని వచ్చావా?" అంది.

ఆ మాట సూటిగా వెళ్లి తగిలింది. అయినా సిస్టరమ్మ తొణకలేదు.

"అంటావు, అనాలి కూడా. పాప నిద్రపోతోందా? సరే, నేను తర్వాత ఎత్తుకుంటాను. ముందు నువ్విలా వచ్చి నా పక్కన కూర్చో."

"ఎందుకు?"

"నువ్వు పంపింది నాకెలా వచ్చిందో వింటావని."

భోజనాల బల్ల మీద కంప్యూటరు తెరిచింది. చిలక వేగం బాగా తగ్గించి, మామూలు మనుషులకు అర్థమయ్యేలా పెట్టింది. బుల్లి పాపను భుజానేసుకుని గుమ్మంలో నిలబడింది. చెల్లెలు కుర్చీ అంచున, లేచిపోయేదానిలా కూర్చుంది.

"జవాబు, జవాబు, జవాబు, జవాబు, కుళాయి కారుతోంది" అంది చిలక. "చిత్రం. గ్రేటర్. నీ ప్రశ్నల పక్కన ఎర్రక్షరాల్లో రాశాను చూడు. గ్రేటర్. సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్. గ్రేటర్. నిర్మాణ విభాగం. గ్రేటర్. మూడో అంతస్తు. గ్రేటర్. ఈ మెయిలును అచ్చు వేసే ముందు ఒక్కసారి చెట్ల గురించి ఆలోచించండి. గ్రేటర్ గ్రేటర్. వంటగదిదా స్నానాలగదిదా..."

చిలక అలా చదువుతూనే ఉంది. చెల్లెలు విన్నది, విన్నది, చివరికి ఓపిక నశించింది.

"ఇదంతా నాకెందుకు అక్కా? నేను రాసింది ఏది? పాప ఏది?"

"అయిపోయింది కదే."

"ఏం అయిపోయింది?"

"మొదట్లో చిత్రం అంది చూడు. అదే మన పాప."

చెల్లెలికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆ రోజు ఆసుపత్రి వరండాలో నిలబడి, గాజుపెట్టెలో ఉన్న పాప ఫొటో తీసి, చెప్పదలచుకున్నదంతా ఆ ఫొటో మీదే అక్షరాలుగా పేర్చింది. అందంగా ఉంటుందని. అక్కదీ తమ్ముడిదీ చిరునామాలు మళ్లీ వెతుక్కోవడం ఎందుకని, చేతికందిన పాత మెయిలుకే జవాబు నొక్కి పంపేసింది. ఫొటో మీద రాసిన అక్షరాలు ఫొటోలో భాగమైపోతాయనీ, చిలక వాటిని చూడలేదనీ ఆమెకెవరు చెప్పారు?

"అన్నీ చదువుతుందన్నావు కదా అక్కా!"

"అన్నాను. గొప్పలకు పోయి అన్నాను. ఫొటోలు చదవదు. రంగులు తెలియవు. నేను ఆ రోజు ఎవరినైనా పిలిచి ఏముందో చూడమనాల్సింది. అడగడం నామోషీ అనుకున్నాను. కుళాయి ఫొటో అనుకుని నోటికొచ్చింది రాసేశాను."

చెల్లెలు తన ఫోను తీసింది. ఆ ఫొటో తెరిచి, దాని మీదున్నది చదవడం మొదలుపెట్టింది. "అక్కా, పాప పుట్టింది. తొందరపడి వచ్చేసింది. గాజుపెట్టెలో పెట్టారు. భయం లేదంటున్నారు, నాకు మాత్రం భయంగానే ఉంది. నువ్వు వెంటనే రా..."

ఆ పైన చదవలేకపోయింది. సిస్టరమ్మ చెయ్యి చాపి వెతికింది. చెల్లెలి భుజం దొరికింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. మూడు వారాలు మోసిన బరువు దించుకున్న ఏడుపు అది. విన్నవాళ్లకు కూడా ప్రాణం తేలికపడింది. లిఫ్టు మెకానిక్కు మాత్రం ఎటు చూడాలో తెలియక లేచి, వాళ్లింటి తలుపు గొళ్లెం సరిగ్గా పడుతోందో లేదో రెండు సార్లు వేసి చూశాడు.

"అయితే నువ్వు నన్ను పట్టించుకోకపోవడం కాదన్నమాట" అంది చెల్లెలు ముక్కు తుడుచుకుంటూ.

"పిచ్చిదానా, పురిటికి నా సెలవు కాయితం ఇంకా సంచిలోనే ఉంది."

బుల్లి వచ్చి పాపను పెద్దమ్మ చేతుల్లో పెట్టింది. చేతులు ఏమీ మరచిపోలేదు. ఒక అరచెయ్యి తల కిందికీ, ఇంకో చెయ్యి నడుము కిందికీ వాటంతట అవే వెళ్లాయి. బొటనవేలితో మెల్లగా మెడ మడత, చెవి, మోచేతి దగ్గర సన్నటి నూగు తడిమింది. నెలలు నిండని పిల్లలకు ఆ నూగు ఉంటుంది, కొన్నాళ్లకు రాలిపోతుంది. పాప ఆమె వేలు పట్టుకుంది.

"పట్టు గట్టిగానే ఉంది" అంది సిస్టరమ్మ. "ఇది మొండిఘటమే. వాళ్లమ్మమ్మ పోలిక." అని చెల్లెలి వైపు తిరిగింది.

"నా పోలిక కాదు, నీ పోలిక" అంది చెల్లెలు.

కబురందుకుని తమ్ముడు కూడా వచ్చాడు. ఇన్నాళ్లూ ఇద్దరి మధ్యా మాటల్లేవని అతనికి తెలుసు, కానీ అక్కచెల్లెళ్ల మధ్యలో దూరినవాడికి రెండు వైపులా వడ్డన తప్పదని ఊరుకున్నాడు. అతన్ని కుర్చీలో కూలేసి చిలకను మళ్లీ మొదటి నుంచి వినిపించారు. తన హోదా, విభాగం, అంతస్తు నాలుగోసారి వచ్చేసరికి చెవులు మూసుకున్నాడు.

"ఆపక్కా, దండం పెడతాను! ఇన్నిసార్లు నా హోదా నేనే వినలేకపోతున్నాను!"

"నువ్వు ఒక్కసారి విన్నావు. నేను చలికాలమంతా విన్నాను. ఒరేయ్, నీ చెట్ల గురించి నేను ఆలోచించినంతగా ఆ అడవుల శాఖవాళ్లు కూడా ఆలోచించి ఉండరు."

ఇల్లంతా నవ్వులతో మోగింది. పాప ఉలిక్కిపడి లేచి రాగం తీసింది. మళ్లీ పాల వేళ అయింది.

బుల్లి పాలు పడుతుంటే మిగతావాళ్లు బల్ల చుట్టూ చేరారు. "ఇకమీదట ఎలా రాయమంటావో చెప్పు" అంది చెల్లెలు. కొన్నాళ్ల కింద అడిగి ఉంటే సిస్టరమ్మ "ఎలాగైనా రాయండి, నాకేం" అనేది. ఇవాళ ఆ మాట రాలేదు.

"కొత్త కబురుకి కొత్త మెయిలు పెట్టండి. పైన శీర్షికలో అదేంటో రాయండి. పాప పుట్టిందని రాస్తే నేను అన్ని పనులూ వదిలేసి అదే ముందు వింటాను కదా. జవాబు పైనే రాసెయ్యండి, కింద పాత పురాణం కోసి పారెయ్యండి."

"మరి నువ్వు మూడు ప్రశ్నలు అడిగితే? ఏ జవాబు దేనికో ఎలా తెలుస్తుంది?" అన్నాడు తమ్ముడు.

"వాక్యంలోనే చెప్పరా. కారేది వంటగది కుళాయి అను. అంతే కదా! ఎర్ర సిరాలో మార్కులు వెయ్యడానికి నేనేమైనా పరీక్ష రాశానా?"

"ఫొటోలు పంపొద్దా ఇంక?" చెల్లెలి గొంతులో కొంచెం దిగులు.

"ఎందుకు పంపకూడదు? పంపు. పక్కనే అందులో ఏముందో రెండు మాటలు రాయి. చిలక కళ్లు పెట్టి చూడలేదు గానీ, నువ్వు చూసి చెబితే నాకు చేరవేస్తుంది."

తమ్ముడు అక్కడే కూర్చుని, ఇంటివాళ్లకు రాసే మెయిళ్లలో తన హోదా రాకుండా ఫోనులో మార్చేశాడు. "అడవులు బతికాయి" అన్నాడు బావ. ఆ రోజంతటికీ ఆయన అన్న పెద్ద జోకు అదే.

అక్క మూడు రోజులు అక్కడే ఉండిపోయింది. పాపకు స్నానం ఎలా పోయాలో, త్రేన్పు ఎలా తెప్పించాలో, నిద్రలోకి జారిపోతున్న పిల్లను ఎలా మరల్చి పాలకు తేవాలో బుల్లి చేతులు పట్టుకుని నేర్పింది. చెల్లెలు ఒక్కసారి కూడా "జాగ్రత్త అక్కా, పడతావు" అనలేదు. అనబోయి ఆపుకున్నట్టు రెండు మూడు సార్లు వినిపించింది. సిస్టరమ్మ విననట్టే ఉంది.

ఆ తర్వాత వచ్చే మెయిళ్లు చదవడం ఆమెకు పని కాకుండా పండగైపోయింది. బుల్లి ఫొటోతో పాటు ఇలా రాసేది: "పాప బోర్లా పడుకుని తల ఎత్తింది. ఒక కన్ను మూసి, ఇంకో కంటితో అమ్మమ్మను అనుమానంగా చూస్తోంది. జుట్టు ఒక పక్కే పెరుగుతోంది, ఎందుకో అడగొద్దు." చెల్లెలికి అంత హాస్యం చేతకాదు, కానీ పాప చొక్కా రంగు, దాని మీది పువ్వులు, ఎండ ఎటు నుంచి పడుతోందో కూడా వదలకుండా రాసేది. "నా చెల్లెలు ఇంత బాగా చూస్తుందని కళ్లున్నప్పుడు నాకు తెలియనే లేదండీ" అంది సిస్టరమ్మ భర్తతో ఒకసారి.

ఊరికి తిరిగి వచ్చాక, ఆసుపత్రిలో కూడా ఒక సంగతి జరిగింది. వచ్చే నెల డ్యూటీ చార్టును ఎప్పటిలాగే ఫొటో తీసి పంపారు. చిలక ఎప్పటిలాగే "చిత్రం" అంది. ఇన్నాళ్లూ ఆమె ఆ చార్టును ఆయాలతో చదివించుకునేది. టీ వేళలో, మాటల్లో మాటగా, తనకు ఆసక్తి లేనట్టు. ఈసారి చార్టు పంపిన కొత్త డాక్టరు గారికి రాసింది: "డాక్టరు గారూ, నాకు చూపు లేదు. ఫొటోలో ఉన్న అక్షరాలు నా కంప్యూటరు చదవలేదు. దయచేసి చార్టును మామూలు అక్షరాల్లో పంపగలరా?"

పంపాక, ఇప్పుడేమంటారో, ఈ మనిషిని ఇంకా ఎందుకు పెట్టుకున్నామని అనుకుంటారేమోనని ఫోన్ల మధ్య మనసు అటే పోతూ ఉంది.

టీ కప్పు చల్లారకముందే జవాబు వచ్చింది. "క్షమించండి సిస్టర్, నాకు తట్టలేదు. చార్టు కింద రాశాను. ఇంకేమైనా ఇలా ఇబ్బంది పెడుతుంటే చెప్పండి" అని. దాని కింద నెలంతా రోజువారీగా అక్షరాల్లో ఉంది.

"ఇంతేనా!" అనుకుంది సిస్టరమ్మ. పైకే అన్నట్టుంది, పక్క కుర్చీలోని సహోద్యోగి "ఏంటి సిస్టరమ్మా?" అని అడిగింది.

"ఏమీ లేదమ్మా. ఆదివారం నాకు సెలవు" అందామె. ఇయర్‌ఫోన్లు సర్దుకుని, మోగుతున్న ఫోను ఎత్తింది.